పైన పెట్టిన తాడు

మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి దిగాలంటే ముందు కొంగు ముక్కు మీదికి రావాలి. ఒక మూల డ్రైనేజీ పైపు కారుతూనే ఉంటుంది, ఇంకో మూల జనరేటర్ డీజిల్ కంపు, ఈ రెండింటినీ కప్పిపుచ్చడానికి వాచ్‌మన్ చల్లే ఫినాయిలు మూడో కంపు. నేరేడ్‌మెట్‌లో ఈ ఇంటికి వచ్చి ఏళ్ళు గడిచినా నా ముక్కు దీనికి లొంగలేదు. పోయిన వారం ఒక పొద్దున కూరగాయల సంచితో అటునుంచి వస్తుంటే, రెండో అంతస్తులో ఉండే వినయ్ అనే సాఫ్ట్‌వేర్ అబ్బాయి కార్ల మధ్య నిలబడి పొడుగాటి సన్నని కర్ర ఒకటి గాల్లో ఊపుతున్నాడు. చేతిలోని డబ్బా జారి కింద పడితే, తీసుకోవడానికి వంగుతూ 'ఒక్క నిమిషం పట్టుకోండి ఆంటీ' అని కర్ర నా చేతికిచ్చాడు. పిడి అరచేతిలో పడీ పడకముందే నా మణికట్టు నన్ను అడక్కుండానే రెండుసార్లు ఆడింది. కర్ర చివర వణికి ఆగింది. ఆ వణుకు ఎక్కడ మొదలైందో, ఎంతసేపటికి ఆగిందో నా చెయ్యి చూసుకుంది కూడా. యాభై ఏళ్ళకు పైగా ముట్టని పని అది. ముట్టకూడదని ఒట్టేసుకున్న పని. నా చేతి మీద నాకే ఒళ్ళు మండింది.

ఆ అబ్బాయి అది చూశాడు. చూసినవాడు ఊరుకోడు కదా, మూడు రోజులు నా వెంటపడ్డాడు. కంటోన్మెంట్ వైపు ఏదో పాత బంగళా సామాన్లు అమ్ముతుంటే చేపలు పట్టే ఆ గాలపు కర్ర కొన్నాడట. ప్రతి కర్ర మీదా ఒక నంబరు ఉంటుందట, తాడు పెట్టె మీద కూడా అదే నంబరు ఉండాలట, ఈ కర్ర మీద నంబరు చెరిగిపోయిందట. ఫోన్‌లో ఎవరెవరో చెప్పిన మాటలు విని రెండు తాళ్ళు తెప్పించాడు. ఒకటి రామచిలక రంగు, ఇంకోటి జ్వరం మందు రంగు. తాడు అలా మెరుస్తుంటే నాకు చూడబుద్ధి కాలేదు. కొత్తగా నేర్చుకునేవాడికి బరువు తాడే మంచిదని అమ్మినవాడు చెప్పాడట. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం అమ్మకందారుడు, వాడు కర్రను కంటితో చూసింది లేదు, చేత్తో పట్టింది లేదు.

తెలియనివాళ్ళ కోసం చెబుతాను. మామూలు గాలం వేసేవాడికి తాడుతో పెద్ద పట్టింపు లేదు. సీసపు గుండు కడతాడు, గుండు ఎగిరిపోతూ తాడును లాక్కుపోతుంది. ఈ రకం వేటలో ఎర అంటే గాలానికి చుట్టిన నాలుగు ఈకలు. ఈగలాగా కనపడాలి, ఈగలాగా తేలిగ్గా వాలాలి. ఊదితే ఎగిరిపోయేదాన్ని నలభై అడుగుల దూరం విసరాలంటే బరువు తాడులోనే ఉండాలి. విసిరేది తాడును, ఎర దాని తోకకు వేలాడుతూ పోతుంది. కర్రకు తాడు తేలికైతే కర్ర వంగదు, తాడు ముందుకు పోక కాళ్ళ దగ్గరే కుప్పపడుతుంది. తాడు బరువైతే కర్ర నడుము దాకా వంగిపోతుంది, తాడు నీళ్ళ మీద చెంపదెబ్బలా పడుతుంది, చేప పారిపోతుంది. మా నాయిన దీన్ని ఒక్క ముక్కలో చెప్పేవాడు. 'కర్రనే అడుగుతది, మనం ఇయ్యాలె, అంతే.'

మాది రెజిమెంటల్ బజార్‌లో ఒక ఇరుకు సందు. నగలకు పట్టు తాళ్ళు అల్లే ఇల్లు. గుండ్లు గుచ్చడం, కంటెకు కుచ్చు కట్టడం, తెగిన హారానికి తాడు మార్చడం, ఇదీ మా వాళ్ళు తరతరాలుగా చేసిన పని. తాత కాలంలో ఏ దొరదో విదేశీ పట్టు తాడు తెగిపోతే, అలాంటిదే అల్లివ్వగలవా అని అడిగాడట. తాత అల్లాడు. మధ్యలో లావు, రెండు చివరలా సన్నం, పోగులు కలుపుతూ తీసేస్తూ ఎక్కడా ముడి కనపడకుండా ముప్ఫై గజాల తాడు. అప్పటినుంచి కర్ర పట్టిన ప్రతి మిలిటరీ ఆఫీసరూ మా సందులోకి వంగి వచ్చేవాడే. సన్నం, నడిమి, దొడ్డు అని మూడు రకాలు. మూడింటికీ మధ్య తేడా కంటికి ఆనదు, చేతికి తెలియాలి. ఇంత మాత్రం చదివి మా ఇల్లేదో కళాకారుల ఇల్లనుకునేరు. పేరు గొప్ప, ఊరు దిబ్బ.

ఆ ఇంటి వాసన చెప్పాలంటే ఇప్పటికీ నోట్లో ఉమ్మి ఊరుతుంది. అల్లిన తాడును అవిసె నూనెలో మరిగించాలి. కుంపటి మీద ఆ నూనె కాగుతుంటే వచ్చే వాసన గొంతులో జిగురులా పట్టుకుంటుంది. ఆ నూనె వాసన అన్నంలో, నీళ్ళ కుండలో, తల దువ్వుకునే దువ్వెనలో. నూనె పట్టిన తాడును ముందు గది మేకు నుంచి పెరటి జామచెట్టు దాకా, మళ్ళీ వెనక్కి, మళ్ళీ ముందుకు కట్టి రోజుల తరబడి ఆరబెట్టేవారు. అందరం దాని కింద నడుము వంచి తిరగాలి. దుమ్ము అంటుతుందని అది ఆరేదాకా ఇల్లు ఊడ్వకూడదు. ఊడ్వని ఇంట్లో మెతుకులు, మెతుకులకు బొద్దింకలు, ఆ బొద్దింకల్లో ఒకటి ఒకసారి తడి తాడుకు అతుక్కుని రాత్రంతా కాళ్ళు కొట్టుకుని చచ్చింది. పొద్దున నేను లేచి తల ఎత్తితే సరిగ్గా నా మొహం ముందు ఉంది. నాయిన దాన్ని గోటితో తీసి, తాడును పంచె అంచుతో తుడిచి, ఏమీ కానట్టు చాయ్ తాగాడు.

నూనె ఒక్కటే అయితే ఎలాగో సర్దుకునేదాన్నేమో. తాడు నీళ్ళ మీద తేలాలంటే పైన కొవ్వు రాయాలి. వీధి చివర మాంసం కొట్టు సత్తార్ మామ ఆకులో చుట్టి పంపే గొర్రె కొవ్వు, దాంట్లో మైనం కలిపి కరిగించాలి. మాంసం ముట్టని మా నానమ్మ ఆ పొయ్యి పెరట్లోనే ఉండాలని పట్టుబట్టింది. 'థూ, బట్టతలల దొరలకు చేపలు పట్టుడు ఏందో, మన కొంపల కొవ్వు కాలుడు ఏందో' అని రోజూ తిట్టేది. తిట్టే నానమ్మ ఏమైనా తక్కువా అంటే, ఆమెకు నశ్యం అలవాటు. ఇంటిలోకెల్లా బాగా అల్లే వేళ్ళు ఆమెవి, ఆ వేళ్ళతోనే నశ్యం పీల్చి, తుమ్మి, ముక్కు తుడుచుకుని మళ్ళీ పట్టు పోగు పట్టేది. ఏ పెద్ద ఆఫీసరు చేతి తాడులో మా నానమ్మ చీమిడి ఎంత ఉండేదో దేవుడికి తెలుసు. ఆ రోజులు బంగారం అని రాసే నా వయసువాళ్ళను చూస్తే, వీళ్ళు తమ ముక్కులు ఎక్కడ తాకట్టు పెట్టారా అనిపిస్తుంది. అప్పుడూ కంపే, ఇప్పుడూ కంపే, అప్పటి కంపుకు మనుషులు తెలుసు, అంతే తేడా.

తాడు ఇచ్చే పద్ధతి మాత్రం మా నాయినది ఒక్కడిదే. కర్ర తేకుండా వచ్చినవాడికి తాడు చూపించేవాడు కూడా కాదు. ఆదివారం పొద్దున, దుకాణాలు తెరవకముందు, సందు ఖాళీగా ఉన్నప్పుడు రమ్మనేవాడు. కర్రను పట్టి ఆడించి, కళ్ళు మూసుకుని, తాడు చుట్టలు అరచేతిలో తూచి ఒక్కటే కట్టేవాడు. రెండోది కట్టి చూడటమనేది ఉండేది కాదు. మొదట కట్టిందే సరిపోవాలి, ఆ పేరు మీదే బతికాం. గాలం బదులు తాడు చివర చిటికెడు దూది కట్టేవాడు, ఎవరి కన్నూ పోకుండా. ముందు తనే తాడును కింద వాలనివ్వకుండా గాల్లో రెండుసార్లు వెనక్కీ ముందుకీ ఆడించి, ఆ తర్వాత కర్రను వచ్చినాయన చేతికిచ్చేవాడు. సందు అటు చివర మా ఇత్తడి తాంబాళంలో నీళ్ళు పోసి పెట్టేవాళ్ళం. దూది అందులో చప్పుడు లేకుండా వాలితే తాడు సరైనది. సందులో జనం అరుగుల మీద కూర్చుని పళ్ళు తోముకుంటూ ఇదంతా చూసేవాళ్ళు.

నాకు పన్నెండేళ్ళప్పుడు నాయినకు వేళ్ళు పోయాయి. షుగర్ అని తర్వాత తెలిసింది, అప్పటికి తిమ్మిరి అనుకున్నాం. ఒకరోజు కుంపటి దగ్గర కూర్చుని నూనె కలుపుతున్నాడు, చూపుడు వేలు కుంపటి అంచుకు ఆనుకుని ఉంది. చర్మం కాలిన వాసన నాకొచ్చింది, నొప్పి ఆయనకు రాలేదు. నేను చెయ్యి లాగితే అప్పుడు చూసుకున్నాడు. కాలిన వేలి వంక చాలాసేపు, ఎవరిదో వస్తువును చూసినట్టు చూశాడు. ఆ సాయంత్రం నన్ను పెరట్లోకి పిలిచి మూడు తాడు చుట్టలు నా ఒళ్ళో పెట్టి, 'నా యేళ్ళు మొద్దుబారినయ్ బిడ్డా. నువ్వు జెర పట్టి సూడు. బయట ఎవలకు చెప్పకు' అన్నాడు. నేను పట్టి చూశాను. ఏది ఏదో చెప్పాను. ఒక్కసారి కూడా తప్పలేదు. నాయిన మొహంలో ఎంత వెలుగు వచ్చిందో, నాకు అంత దిగులేసింది. ఈ కంపులోంచి బయటపడే దారి మూసుకుపోయిందని ఆ వయసులోనే అర్థమైంది.

అప్పటినుంచి అదొక నాటకం. వచ్చినాయన కర్ర ఇస్తాడు, నాయిన దాన్ని ఊరికే ఒకసారి ఊపి, 'లోపల గోడకు ఆనిచ్చి పెట్టు బిడ్డా' అని నాకిస్తాడు. నేను లోపల దాన్ని ఆడించి చూసి, మూడు చుట్టలూ పీట మీద పెట్టుకుని తెస్తాను. సరిపోయేది పైన ఉంటుంది. నాయిన కళ్ళు మూసుకుని మూడింటినీ తూచినట్టు నటించి, పైది కడతాడు. రెండేళ్ళు అలా నడిచింది. సందులో వాళ్ళు నాయిన చేతిని పొగుడుతుంటే నేను ఆ చేతిలోని కొవ్వు మరకలు చూస్తూ నిలబడేదాన్ని. కొవ్వు నా గోళ్ళలో కూడా ఉండేది. సున్నిపిండి, కుంకుడు రసం, బూడిద, దేనికీ పోయేది కాదు.

బడిలో శుక్రవారం కుట్టు క్లాసు. అందరం కలిసి ఒక పెద్ద తెల్ల గుడ్డ మీద పూలు కుట్టాలి. నా పక్కన కూర్చునే విమల అంటే నాకు ప్రాణం. ఆ శుక్రవారం టీచరమ్మ నన్ను రెండుసార్లు సబ్బుతో చేతులు కడుక్కుని రమ్మంది. వచ్చాక వాసన చూసి, నా చేతిలో విడిగా ఒక పాత గుడ్డ ముక్క పెట్టి చివరి బెంచీకి పొమ్మంది. నవ్వినవాళ్ళు నవ్వారు, దానికి నేను అలవాటు పడ్డాను. విమల నవ్వలేదు. రిబ్బను కొసతో ముక్కు మూసుకుని, నేను లేచిన చోటును రుమాలుతో తుడిచింది. ఇంటికొచ్చి ఆ రోజు, మర్నాడు కూడా అన్నం తినలేదు. అడిగితే కడుపునొప్పి అన్నాను.

ఆ ఆదివారమే కర్నల్ వచ్చే రోజు. రిటైరైన పెద్దాయన, ఏటా వేసవిలో కొండల్లోని నదులకు పదిమంది మిత్రులతో వేటకు పోయేవాడు. అప్పటికే ప్లాస్టిక్ పూత వేసిన విదేశీ తాళ్ళు రావడం మొదలైంది. వాటికి నూనె వద్దు, కొవ్వు వద్దు, ఆరబెట్టే పని లేదు. మా దగ్గరికి వచ్చేవాళ్ళు సగానికి సగం ఆగిపోయారు. ఈయనకు నచ్చితే ఆ పదిమందీ మా తాడే వాడతారు, లేకపోతే ఈ పని ఇంతటితో ముగిసినట్టే. శనివారం తాడుకు కొవ్వు రాస్తూ నాయిన నానమ్మతో అన్నాడు, 'గీయనకు మంచిగనిపిస్తే ఇంకో పదేండ్లు మన తాడు బతుకుతదమ్మా.' ఇంకో పదేళ్ళు. గుమ్మంలో నిలబడి అది విన్నాను. నా గోళ్ళ వంక చూసుకున్నాను.

ఆదివారం పొద్దున లోపల గోడ పక్కన కర్నల్ కర్రను ఆడించాను. ఎంత మంచి కర్రో ఇప్పటికీ చెప్పగలను, నడిమి తాడు కోసమే పుట్టిన కర్ర. మూడు చుట్టలు పీట మీద పెట్టాను. అడుగున సన్నం, దాని మీద నడిమి, అన్నిటి పైన దొడ్డుది. పీట తెచ్చి నాయిన ముందు పెట్టాను. నాయిన కళ్ళు మూసుకుని తూచాడు, పైది తీసి కట్టాడు, దూది ముడేశాడు. సందులోకి వెళ్ళి గాల్లో రెండుసార్లు ఆడించాడు. ఒక్క క్షణం ఆగి, కర్ర కర్నల్ చేతికిచ్చాడు. కర్నల్ విసిరాడు. తాడు తాంబాళం అంచును కొట్టిన చప్పుడుకు అరుగుల మీద పళ్ళు తోముకునేవాళ్ళు ఉలిక్కిపడ్డారు. తాంబాళం బోర్లా పడింది, నీళ్ళు మురికి కాలవలోకి పోయాయి. ఎవరో నవ్వారు, తర్వాత అందరూ నవ్వారు.

కర్నల్ నవ్వలేదు. ఇంకో తాడు కట్టి చూద్దామని హిందీలో మర్యాదగానే అన్నాడు. నాయిన నా వైపు చూశాడు. తిడతాడనుకున్నాను, ఈ పిల్ల పొరపాటున మార్చిందని చెబుతాడనుకున్నాను, అలా చెప్పినా ఆయన పేరు నిలిచేది. సందంతా వినేలా అన్నాడు, 'తప్పు నాదే సాబ్. నా చేతులు పోయినయ్. ఇగ నేను తాడు ఇయ్యలేను.' తాడు విప్పి చుట్టుకున్నాడు. తాంబాళం తనే వెళ్ళి ఎత్తుకొచ్చాడు. నెల తిరక్కముందే నూనె డబ్బా, కుంపటి, మేకులు అన్నీ పోయాయి. నాయిన ఒక రెడీమేడ్ బట్టల దుకాణంలో చొక్కాలు మడతపెట్టే పనికి కుదిరాడు, చచ్చేదాకా అదే. మా ఇంట్లో రోజూ ఊడ్చేవాళ్ళు. నా గోళ్ళు తెల్లబడ్డాయి, ముందు బెంచీకి వచ్చాను, విమల నా జడకు తన రిబ్బను కట్టింది. నేను కోరుకున్నదంతా దొరికింది. ఆ తర్వాత అద్దంలో నన్ను నేను చూసుకుంటే కలిగిన రోత ముందు ఆ కొవ్వు వాసన ఏపాటిది. నాయినకు తెలియకుండా నాయిన నోట్లో మట్టి కొట్టానన్న మాట ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు.

వినయ్ పోరు పడలేక నిన్న పొద్దున వాడి కారులో కాప్రా చెరువుకు వెళ్ళాను. వచ్చే నెల కొండలకు పోతున్నాడట, ఇక్కడ ఊరికే విసరడం నేర్చుకుంటాడట. చెరువని బోర్డు ఉంది కాబట్టి చెరువు అనుకోవాలి. ఒడ్డున సబ్బు నురగలా తెల్లగా ఏదో, గుర్రపుడెక్క, కవర్లు, కోళ్ళ దుకాణాల వాళ్ళు పారేసిన మూటలు, వాటి మీద కుక్కలు. దానికి వీపు పెట్టి ఇద్దరు అమ్మాయిలు ఫోటోలు తీసుకుంటున్నారు. ఒకప్పుడు నాయిన ఇక్కడ దోసిలితో నీళ్ళు తాగడం చూశాను. ఇప్పుడు అందులో కాలు పెట్టమంటే కాలు నరుక్కుంటాను. ఈ కంపుకు ఎవరిని తిట్టాలో కూడా తెలియదు. నేను కట్ట మీద రాయి మీద కూర్చున్నాను, వినయ్ ఇరవై అడుగుల దూరంలో నిలబడ్డాడు. ఆ రామచిలక రంగు తాడు కట్టాడు. గాల్లో వెనక్కీ ముందుకీ రెండుసార్లు ఆడించాడు.

'ఆపు. దొడ్డుది కట్టినవ్' అన్నాను. వాడు ఆగి, తిరిగి, నిజంగా ఆశ్చర్యపోయి అడిగాడు. 'మీరు ముట్టుకోనే లేదు కదా ఆంటీ, ఎట్లా తెలిసింది?'

'ముట్టుకునుడు ఎందుకు? కర్ర నడుము దాకా వంగుతుంటే కండ్లకు కనపడ్తలేదా?' అని విసుక్కున్నాను. విసుక్కున్నాక నేనన్న మాటే నాకు తిరిగి వినపడింది.

నావి శుక్లాలు తీయించుకున్న కళ్ళు, ఇరవై అడుగుల దూరం, నేను జన్మలో ఒక్కసారి కూడా తాడు విసిరినదాన్ని కాను. నాకే కనపడింది. ఆ తాడు అల్లినవాడు, ముప్ఫై ఏళ్ళు ఆ సందులో తాళ్ళు ఆడించినవాడు, తన చేతిలో కర్ర అలా వంగుతుంటే చూడకుండా ఉంటాడా? వేళ్ళు చచ్చాయి గాని మణికట్టు చావలేదు, కళ్ళు బాగానే ఉన్నాయి. రెండుసార్లు ఆడించాక ఆ ఒక్క క్షణం ఎందుకు ఆగాడో నేను ఎప్పుడూ ఆలోచించలేదు. అప్పుడే విప్పి పక్కనున్న చుట్ట కట్టొచ్చు, ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. ఏ చుట్ట పైన పెట్టానో, ఎందుకు పెట్టానో ఆ క్షణంలో ఆయనకు అర్థమైంది. గోళ్ళు రుద్దుకుంటూ అన్నం తినని పిల్లను రెండు రోజులుగా చూస్తూనే ఉన్నాడు కదా. అర్థమయ్యాకే కర్ర కర్నల్ చేతికిచ్చాడు. నాయినను మోసం చేశానని నన్ను నేను అసహ్యించుకుంటూ ఇన్నేళ్ళు బతికేశాను, అది మోయడం అలవాటైపోయింది. ఇది అలా కాదు. ఆయనకు తెలుసు, తెలిసీ నాకోసం తన పేరును అందరి ముందు నవ్వులపాలు చేసుకున్నాడు. ఆ తర్వాత పద్దెనిమిదేళ్ళు నా పక్కనే పళ్ళెం పెట్టుకుని అన్నం తిన్నాడు, ఒక్కనాడు కూడా అడగలేదు, నేను ఒక్కనాడు కూడా చెప్పలేదు.